విదేశాల నుంచి పాలీయురేథేన్ సస్పెన్షన్ బుష్‌లు తెప్పించుకోవడం: కొలత నుంచి బిగింపు దాకా

చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌లు బండి చట్రానికి కలిసే కీళ్లలో అదురు ఆపడానికి పెట్టే దిమ్మలే బుష్‌లు. కంపెనీ వేసేవి సాధారణంగా రబ్బరువి, వాటి బదులు పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ వంటి పదార్థంతో చేసినవే పాలీ బుష్‌లు. వీటి గురించి అడిగేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ బ్రాండు మంచిదని. హైదరాబాద్‌లో ఇలా తెప్పించుకుని నష్టపోయిన కార్లను నేను దగ్గరగా చూశాను. వాటిలో బ్రాండు వల్ల నష్టపోయినవి తక్కువ. తప్పు సైజు, తప్పు చాసిస్ కోడ్ (అదే పేరున్న కార్లలో మీది ఏ తరానిదో చెప్పే కంపెనీ కోడ్), మార్చనవసరం లేని చోట మార్చడం, కస్టమ్స్ సుంకం లెక్కలోకి తీసుకోకపోవడం, ఈ నాలుగింటి వల్ల నష్టపోయినవే ఎక్కువ. కాబట్టి ఈ మార్గదర్శిలో డబ్బు కట్టడానికి ముందు చేయవలసిన పనికే ఎక్కువ చోటు ఇచ్చాను. దశలను ఇదే వరుసలో పాటించండి.

1. చప్పుడు బుష్‌దేనని ముందు తేల్చుకోండి

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమనే చప్పుడు, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగడం, ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు స్టీరింగ్ నిలకడగా లేకపోవడం, టైరు లోపలి అంచు అరిగిపోవడం అనేవి బుష్ పోయిందనడానికి లక్షణాలే. అయితే సస్పెన్షన్‌లోని ఇతర భాగాలైన లింక్ రాడ్, బాల్ జాయింట్, స్ట్రట్ మౌంట్ పాడైనా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. లింక్ రాడ్ మార్చితే తీరే చప్పుడుకు విదేశాల నుంచి బుష్‌లు తెప్పించినవారున్నారు.

పరీక్ష పావుగంట పని. బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించి, లోయర్ ఆర్మ్‌కూ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చేయి) సబ్‌ఫ్రేమ్‌కూ (అది బిగించి ఉండే ఇనుప చట్రం) మధ్య పొడవాటి రాడ్ పెట్టి మెకానిక్‌ను మెల్లగా నొక్కమనండి. మీరు టార్చి పట్టుకుని బుష్ మధ్యలోని ఇనుప స్లీవ్‌నే చూస్తూ ఉండండి. రబ్బరు పైపొర మీద సన్నని వెంట్రుక పగుళ్లు ఉంటే కంగారు పడనక్కరలేదు. రాడ్ నొక్కగానే పగులు నోరు తెరుచుకుని, స్లీవ్ ఒక పక్కకు జరిగి, వదిలాక కూడా మధ్యకు తిరిగి రాకపోతే ఆ బుష్ పని అయిపోయినట్లే. బుష్ చుట్టూ నల్లటి చెమ్మ, దాని మీద అంటుకున్న దుమ్ము కనిపిస్తే అది లోపల ద్రవం ఉండే హైడ్రాలిక్ బుష్ అని, అది కారిపోయిందని అర్థం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు రబ్బరు మెలితిరిగి ఉంటుంది కనుక పగుళ్లు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయి. అందువల్ల చక్రాలు ర్యాంపు మీద ఆని ఉండగా ఇంకోసారి చూసి, ఆ తరువాతే నిర్ణయించుకోండి.

2. అన్ని బుష్‌లూ మార్చకండి

మొత్తం కారుకు సరిపోయే సెట్ ధర చూడడానికి ఆకర్షణీయంగానే ఉంటుంది. నా సలహా మాత్రం వద్దనే. రబ్బరు బుష్, పాలీ బుష్ పనిచేసే తీరు వేరు. రబ్బరు బుష్‌లో లోపలి స్లీవ్, బయటి తొడుగు రెండూ రబ్బరుకు అతుక్కుని ఉంటాయి. ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరే మెలితిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. పాలీ బుష్ చాలా వరకు అతుక్కుని ఉండదు, స్లీవ్ చుట్టూ జారుతూ తిరుగుతుంది. కాబట్టి ఒకే అక్షం చుట్టూ తిరిగే చోట అది బాగా పనిచేస్తుంది. ఒకేసారి రెండు మూడు దిశల్లో వంగవలసిన చోట బిగుసుకుపోతుంది.

దీని ప్రకారం నేను పాటించే క్రమం ఇది:

- స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లు: ముందుగా ఇవే. ఖర్చు తక్కువ, బిగింపు సులువు, క్యాబిన్‌లోకి వచ్చే చప్పుడు పెద్దగా పెరగదు.
- ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు: రెండవది. బ్రేక్ వేసినప్పుడు వచ్చే తేడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.
- వెనుక ట్విస్ట్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే దూలం) బుష్‌లు: ఖాళీలు వదిలి పోసిన రబ్బరు బుష్‌లు ఇవి. మెత్తదనం ఒక్కో దిశలో ఒక్కో రకంగా ఉండేటట్లు కంపెనీ కావాలనే అలా చేస్తుంది. రోజూ నడిపే బండికి ఇక్కడ కంపెనీ రబ్బరే వేయించడం మంచిదని నా అభిప్రాయం.
- మల్టీ లింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని అనేక ఆర్మ్‌లు పట్టుకునే రకం) ఉన్న కార్ల వెనుక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు: అనేక దిశల్లో కదిలే చోటు. ఇక్కడ పాలీ జోలికి పోకండి.

ఇంకొక మాట. బండి వారంటీలో ఉంటే సస్పెన్షన్ భాగాలు బయటివి వేసినందుకు ఆ భాగం మీద క్లెయిమును తిరస్కరించే వీలు కంపెనీకి దొరుకుతుంది. వారంటీ ముగిసే దాకా కంపెనీ బుష్‌లతో గడపడమే ఉత్తమం.

3. మీ కారు బయటి దేశాల్లో ఏ పేరుతో ఉందో కనుక్కోండి

ఎక్కువ ఆర్డర్లు తప్పేది ఇక్కడే. విదేశీ కేటలాగులు వాళ్ల మార్కెట్‌లోని పేర్ల ప్రకారం ఉంటాయి. మన దగ్గర స్కోడా లారాగా అమ్మినది రెండవ తరం ఆక్టావియా, దాని కోడ్ 1జెడ్. అంతకు ముందు మన దగ్గర ఆక్టావియా పేరుతోనే అమ్మినది మొదటి తరం, దాని కోడ్ 1యు. లారా యజమాని కేటలాగులో ‘లారా’ అని వెతికితే ఏమీ దొరకదు. మన దగ్గరి పాత ఆక్టావియా యజమాని సంవత్సరం చూడకుండా ‘ఆక్టావియా’ మీద నొక్కితే వేరే కారు బుష్‌లు వచ్చి పడతాయి. హ్యుందాయ్ వెర్నా కూడా అనేక దేశాల్లో యాక్సెంట్ పేరుతో అమ్ముడైంది. మన దగ్గర యాక్సెంట్ అనేది వేరే కారు. కాబట్టి వెతకవలసింది మోడల్ పేరుతో కాదు, చాసిస్ కోడ్, తయారీ సంవత్సరం, ఇంజిన్‌తో.

చాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. దాన్ని ఆర్‌సీ నుంచి కాక, బండి మీద ఉన్న ముద్ర నుంచి రాసుకోండి. ఆ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్‌లో అడిగి, మీకు కావలసిన బుష్ లేదా ఆర్మ్ అసలు పార్ట్ నంబర్ రాయించుకోండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో సర్వీస్ పుస్తకంలో గానీ, డిక్కీలో స్పేర్ టైరు దగ్గర గానీ అతికించిన చీటీ మీద చిన్న చిన్న కోడ్‌లు ఉంటాయి. ఏ సస్పెన్షన్ ప్యాకేజీ వచ్చిందో వాటిని బట్టే తెలుస్తుంది. మన రోడ్ల కోసం ఎత్తు పెంచి అమ్మిన కార్లు చాలా ఉన్నాయి కనుక, అదే పేరున్న ఐరోపా కారుకు సరిపోయినది మనదానికీ సరిపోతుందని అనుకోకూడదు.

స్టీరింగ్ ర్యాక్ బుష్‌లు తీసుకునేవారు మరొకటి గమనించాలి. స్టీరింగ్ ఎడమ వైపు ఉండే దేశాల కార్లకు చేసినవి మన కుడి స్టీరింగ్ కార్లకు సరిపోకపోవచ్చు. బ్రిటన్, ఆస్ట్రేలియా మన లాగే కుడి స్టీరింగ్ దేశాలు కావడం వల్ల ఈ ఒక్క విషయంలో అక్కడి బ్రాండ్లతో ఇబ్బంది తక్కువ.

4. వెర్నియర్‌తో కొలవండి, టేపుతో కాదు

స్టెబిలైజర్ బార్ మందం ఒకే మోడల్‌లో కూడా ఇంజిన్‌ను బట్టి, సంవత్సరాన్ని బట్టి ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. కేటలాగులో ఒకే కారుకు 21, 22, 23 మి.మీ. బుష్‌లు మూడూ కనిపించడానికి కారణం అదే.

నేను మొదటిసారి తెప్పించుకున్నప్పుడు షెడ్‌లో బార్‌ను టేపుతో కొలిచి 24 మి.మీ. అని రాసుకున్నాను. బుష్‌లు వచ్చాక బిగిస్తే బార్ వాటిలో వదులుగా ఆడింది. పాత బుష్ కూర్చున్న చోట మట్టి, తుప్పు గీకి, ఎమరీ కాగితంతో తుడిచి, వెర్నియర్ (దవడల మధ్య పట్టి మందం ఖచ్చితంగా కొలిచే పరికరం) పెట్టి చూస్తే 23 మి.మీ. వచ్చింది. మిగిలిన ఆ 1 మి.మీ. పైన పేరుకున్న పెయింట్, తుప్పు మందం. తిరిగి పంపడానికి అయ్యే రవాణా ఖర్చు బుష్‌ల ధరను మించిపోవడంతో అవి నా దగ్గరే ఉండిపోయాయి. సరైన సైజు మళ్లీ ఆర్డర్ చేసి, సుంకం మళ్లీ కట్టి, అవి వచ్చేదాకా బండిని అరిగిన బుష్‌లతోనే నడపవలసి వచ్చింది.

కొలిచే పద్ధతి:

- బుష్ కూర్చునే చోటనే కొలవాలి, బార్ మధ్యలో కాదు.
- ఒకే చోట వెర్నియర్‌ను పావు వంతు తిప్పి రెండోసారి కొలవాలి. రెండు కొలతలు కలవకపోతే బార్ అరిగిందని అర్థం. అరిగిన బార్ మీద ఏ కొత్త బుష్ కూడా చప్పుడు ఆపదు.
- ఎడమ, కుడి రెండు వైపులా కొలవాలి.
- లోయర్ ఆర్మ్ బుష్‌కు నాలుగు కొలతలు కావాలి: ఆర్మ్ రంధ్రం లోపలి వ్యాసం, బుష్ పొడవు, లోపలి స్లీవ్ పొడవు, బోల్టు వ్యాసం.
- ప్రతి కొలతనూ వెర్నియర్ అంకె కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోవాలి. విక్రేతకు పంపడానికి ఇవే పనికొస్తాయి.

ఆర్మ్ ఇనుప రేకుతో చేసినదో, పోతపోసినదో, అల్యూమినియందో కూడా రాసుకోండి. ఒకే కారుకు రెండు మూడు రకాల ఆర్మ్‌లు వచ్చినప్పుడు వాటి బుష్ సైజులు కూడా మారతాయి.

5. గట్టిదనం ఎంచుకోండి

పాలీ గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలమానంలో చెబుతారు. అంకె పెరిగే కొద్దీ గట్టిదనం పెరుగుతుంది. పోలండ్‌కు చెందిన స్ట్రాంగ్‌ఫ్లెక్స్ ఎరుపు రంగు బుష్‌లు 80 షోర్ ఎ, పసుపువి 90 షోర్ ఎ. బ్రిటన్‌కు చెందిన పవర్‌ఫ్లెక్స్‌లో ఊదా రంగువి రోడ్డు కోసం, నల్లవి ట్రాక్ కోసం. ఆస్ట్రేలియా నుంచి సూపర్‌ప్రో, వైట్‌లైన్, అమెరికా నుంచి ఎనర్జీ సస్పెన్షన్ ఉన్నాయి. రంగుకు అన్ని కంపెనీలకూ ఒకే అర్థం ఉండదు కనుక రంగును కాక షోర్ అంకెను చూడండి. అంకె చెప్పని సరుకు కొనకండి.

మన నగర రోడ్లకు, రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి 80 దాటవద్దు. 90, 95 బుష్‌లు వేసిన బండిలో ప్రతి గుంత చప్పుడూ స్టీరింగ్ కాలమ్ దాకా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు వెనుక సీటులో కూర్చునే బండి అయితే ఈ విషయం మరింత ముఖ్యం.

వీలైతే పదార్థం గురించి కూడా అడగండి. పాలీయురేథేన్‌లో పాలియెస్టర్ ఆధారితం, పాలీఈథర్ ఆధారితం అని రెండు రకాలు ఉంటాయి. తేమకు, వేడినీటికి పాలీఈథర్ బాగా తట్టుకుంటుంది. వానాకాలంలో అండర్‌పాస్ నీళ్లలో దిగే బండ్లకు ఇది చిన్న విషయం కాదు.

6. చేతికి వచ్చేసరికి ఎంతవుతుందో లెక్క వేయండి

వెబ్‌సైట్‌లో కనిపించే ధర మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. బ్రిటన్, ఐరోపా దేశాల విక్రేతలు స్థానికులకు చూపే ధరలో వ్యాట్ కలిసి ఉంటుంది. బ్రిటన్‌లో అది 20 శాతం, పోలండ్‌లో 23 శాతం. ఎగుమతి సరుకుకు దాన్ని తీసివేసే విక్రేతలు చాలామంది ఉన్నారు. మీ చిరునామా భారతదేశమని ఇచ్చాక ధర తగ్గిందో లేదో చూడండి. తగ్గకపోతే డబ్బు కట్టకముందే రాసి అడగండి.

కస్టమ్స్ సుంకాన్ని సరుకు ధర, రవాణా, బీమా మూడూ కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు. మారకపు రేటు కూడా మీ బ్యాంకుది కాదు, కస్టమ్స్ శాఖ ప్రకటించేది. దాని మీద ప్రాథమిక సుంకం, ఆ సుంకం మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, ఈ మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతులకు వర్తించే జీఎస్టీ) పడతాయి.

లెక్క తీరు చూపడానికి ఒక ఉదాహరణ. బుష్‌లు రూ. 18,000, రవాణా, బీమా రూ. 5,000 అనుకుందాం. మొత్తం రూ. 23,000. ప్రాథమిక సుంకం 15 శాతం అనుకుంటే రూ. 3,450, సర్‌చార్జి రూ. 345. ఇప్పటికి రూ. 26,795. దీని మీద ఐజీఎస్టీ 18 శాతం అనుకుంటే రూ. 4,823. మొత్తం రూ. 31,618. కార్డు మీద విదేశీ లావాదేవీ రుసుము, కొరియర్ సంస్థ క్లియరెన్స్ రుసుము కలిస్తే 18 వేల సరుకు చేతికొచ్చేసరికి 33 వేల దగ్గరికి చేరుతుంది. రేట్లు బడ్జెట్‌ను బట్టి, సరుకు వ్యక్తిగత వినియోగం కింద వస్తోందా, విడిభాగం శీర్షిక కింద వస్తోందా అన్నదాన్ని బట్టి మారతాయి. ఆర్డర్ చేసే వారంలో కస్టమ్స్ శాఖ ఐస్‌గేట్ పోర్టల్‌లో చూసి ఇదే లెక్కలో ఆ రేట్లు వేసుకోండి.

ఈ అంకె చేతిలో పెట్టుకుని రాణిగంజ్, పుత్లీబౌలి విడిభాగాల దుకాణాల్లో ఒకసారి తిరిగి రండి. బుష్ ముందే బిగించి వచ్చే కంపెనీ లోయర్ ఆర్మ్‌ల జత దీనికన్నా తక్కువకు దొరికితే, మామూలు వాడకానికి అదే కొనమని చెబుతాను.

7. ఆర్డర్ చేయడం

విక్రేతకు ముందుగా ఒక ఉత్తరం రాయండి. అందులో చాసిస్ నంబర్, అసలు పార్ట్ నంబర్, మీ కొలతలు, ఫోటోలు పెట్టి, ‘ఇది సరిపోతుందని నిర్ధారించండి’ అని అడగండి. రాతపూర్వకంగా జవాబు ఇవ్వని విక్రేత దగ్గర కొనకండి. సైజు తప్పు వస్తే మీ చేతిలో మిగిలే ఆధారం ఆ జవాబే.

కార్డు మీద అంతర్జాతీయ చెల్లింపులు మూసి ఉండవచ్చు. 2020 నుంచి ఖాతాదారు స్వయంగా కోరితేనే బ్యాంకులు వాటిని తెరుస్తున్నాయి. బ్యాంకు యాప్‌లో తెరిచి, పరిమితి పెట్టుకుని, పని అయ్యాక మళ్లీ మూసేయండి.

కొంతమంది విక్రేతలు సుంకం తగ్గుతుందని పార్సిల్ మీద ‘బహుమతి’ అని రాస్తామంటారు, లేదా ధర తగ్గించి చూపుతామంటారు. ఒప్పుకోకండి. బహుమతుల పేరిట ఉన్న మినహాయింపును 2019 డిసెంబరులోనే తొలగించారు. ధర తగ్గించి చూపడం చట్టవిరుద్ధం, పార్సిల్ ఆగిపోతుంది, పోతే బీమా కూడా ఆ తగ్గించిన ధరకే వస్తుంది.

ఆర్డర్‌కు ముందు సిద్ధంగా ఉండవలసినవి:

- కేవైసీకి ఆధార్, పాన్ ప్రతులు. పార్సిల్ మీద పేరు వాటిలో ఉన్నట్లే ఉండాలి.
- అసలు ధర చూపే ఇన్‌వాయిస్, చెల్లింపు రసీదు.
- ఇన్‌వాయిస్‌లో వస్తువు వివరం ‘కారు సస్పెన్షన్ బుష్‌లు, వ్యక్తిగత వినియోగం’ అని స్పష్టంగా ఉండేలా విక్రేతకు సూచన.
- పనిచేసే మొబైల్ నంబర్. కేవైసీ సందేశానికి జవాబివ్వకపోతే పార్సిల్ గోదాములో పడి ఉంటుంది.

8. పెట్టె వచ్చిన రోజు

పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీయండి. పార్ట్ నంబర్, సంఖ్య, స్లీవ్‌లు, గ్రీజు ప్యాకెట్, బిగింపు సూచనల కాగితం ఉన్నాయో చూడండి. మీ బోల్టును స్లీవ్‌లో దూర్చి చూడండి. కొత్త బుష్ పక్కన పాతది పెట్టి పొడవు పోల్చండి. అచ్చు అంచుల్లో వేలాడే ముక్కలు, లోపల గాలి బుడగలు, చెరిగిపోయిన నంబరు ఉంటే నకిలీ అని అనుమానించి, బిగించకముందే విక్రేతకు రాయండి. బిగించిన సరుకును ఎవరూ వెనక్కి తీసుకోరు.

9. బిగింపు

హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షెడ్‌కే వెళ్లండి. ప్రెస్ లేనిచోట సుత్తితో దిగగొడతారు. ఆర్మ్ రంధ్రం అంచు వంకరపోయేది అలాగే.

పాత బుష్ తీయకముందు బిగింపు సూచనలను మెకానిక్‌కు మీరే చదివి వినిపించండి. కొన్ని కిట్‌లకు పాత బుష్ బయటి ఇనుప తొడుగు ఆర్మ్‌లోనే ఉండాలి, కొత్త పాలీ దానిలోకే దిగుతుంది. అలవాటు కొద్దీ పాత బుష్‌ను తొడుగుతో సహా నొక్కి తీసేస్తే కొత్త బుష్ వదులుగా కూర్చుంటుంది. ఆ తొడుగు మళ్లీ దొరకదు కాబట్టి ఆర్మ్ మొత్తం కొనవలసి వస్తుంది.

రబ్బరును మంటపెట్టి తీసే అలవాటు మన షెడ్లలో ఉంది. ఒప్పుకోకండి. ఆ వేడికి పక్కనున్న బాల్ జాయింట్ రబ్బరు తొడుగు చెడుతుంది, అల్యూమినియం ఆర్మ్ అయితే బలమే తగ్గుతుంది.

వరుస ఇది:

1. పాత బుష్ ఏ దిశలో ఉందో ఆర్మ్ మీద పెయింట్ మార్కర్‌తో గీత గీయాలి.
2. ప్రెస్‌తో తీసి, రంధ్రాన్ని ఎమరీతో శుభ్రం చేయాలి. గీతలు పడకూడదు.
3. కిట్‌తో వచ్చిన గ్రీజునే బుష్ లోపల, స్లీవ్ మీద, వాషర్లు తగిలే ముఖాల మీద పూయాలి. షెడ్‌లోని డబ్బా గ్రీజు వద్దు.
4. పాలీని ముందు నొక్కి, స్లీవ్‌ను తరువాత నొక్కాలి.
5. ఒకసారి సాగదీసి బిగించే రకం బోల్టులు ఉంటే కొత్తవే వేయాలి. వీటిని విదేశాల నుంచి తెప్పించనక్కరలేదు, సర్వీస్ సెంటర్‌లో దొరుకుతాయి.
6. ఆర్మ్‌లో రబ్బరు బుష్ ఏదైనా మిగిలి ఉంటే దాని బోల్టును చక్రాలు నేల మీద ఆని ఉన్నప్పుడే టార్క్ రెంచ్‌తో (కంపెనీ చెప్పినంత బలంతోనే బిగించే రెంచ్) చివరిగా బిగించాలి. గాలిలో బిగిస్తే ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది.
7. స్టెబిలైజర్ బార్ క్లాంపులు బిగించాక, లింక్ రాడ్లు కలపకముందే బార్‌ను చేత్తో తిప్పి చూడాలి. కదలకపోతే బుష్ సైజు చిన్నది, లేదా గ్రీజు చాలలేదు.
8. అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

10. తరువాత వచ్చే ఇబ్బందులు

కిర్రుమనే చప్పుడు వస్తే పది సార్లలో తొమ్మిది సార్లు కారణం గ్రీజు లేకపోవడమే. క్లాంపు విప్పి, మట్టి తుడిచి, మళ్లీ అదే రకం గ్రీజు పూస్తే పోతుంది. బయటి నుంచి స్ప్రే కొట్టడం వల్ల రెండు రోజులు ఆగి మళ్లీ వస్తుంది.

టక్కుమనే చప్పుడు బిగించిన వెంటనే మొదలైతే బోల్టు టార్క్ చూడాలి, తరువాత స్లీవ్ పొడవు చూడాలి. స్లీవ్ పాలీ కన్నా కొంచెం పొడవుగా ఉండి, బోల్టు బిగింపు భారమంతా స్లీవ్ మీదే పడాలి. పొట్టిగా ఉంటే భారం పాలీ మీద పడి ఆర్మ్ బిగుసుకుపోతుంది. సరైన స్లీవ్ కోసం విక్రేతకు రాయండి. ఆలస్యమయ్యేటట్లయితే బాలానగర్ వైపు లేత్ షాపుల్లో కొలత ఇచ్చి చేయించుకోవచ్చు, ఆ కొలత కూడా వెర్నియర్‌తో తీసినదే ఇవ్వండి.

500 కిలోమీటర్లు నడిచాక బండిని మళ్లీ లిఫ్ట్ మీదికి ఎక్కించి, విప్పిన ప్రతి బోల్టునూ టార్క్ రెంచ్‌తో సరిచూడండి. ఆ తరువాత ఏటా వానాకాలం ముగిశాక ఒకసారి స్టెబిలైజర్ బార్ క్లాంపులు విప్పి, గ్రీజు మార్చి బిగించండి.